గడియారాల నయీం మూల

పోయినవారం మనం స్రవంతిని దవాఖానలో మందుల కౌంటరు ముందు, చేతిలో మామగారి మాత్రల కవరుతో నిలబెట్టి వచ్చేశాం. మనిషిని వారం రోజులు అట్లా నిలబెట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. కానీ ఆమె విన్నది తేలిగ్గా మింగుడుపడే మాట కాదు. ఈ వారమే కథ చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం ఆ మాటేమిటో ముందు చెప్పేస్తాను.

రెండు నెలల కింద ఒక ఆదివారం మధ్యాహ్నం వరంగల్ మట్టెవాడలోని రంగ్రేజ్ గల్లీలో గుండీల పాండురంగం తన ఇంటి నడిమి గదిలో కుప్పకూలాడు. గుండెపోటు. కొడుకు వంశీ అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాలు చూశారు, బండి రాలేదు. ఇక లాభం లేదని గల్లీ జనమే ఆయన్ని కూరగాయలమ్మే రాయమల్లు తోపుడుబండి మీద పరుపు వేసి పడుకోబెట్టి, తొమ్మిది నిమిషాల్లో దవాఖానకు చేర్చారు. మనిషి దక్కాడు. కానీ ఆనాటి నుంచి ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ వంశీ నోట ఒకటే పాట: "అంబులెన్స్ రాని గల్లీల మనుషులు ఉండొద్దు." ఊరి బయట ఫ్లాట్ చూశాడు. ఇల్లు కొనడానికి రాజేశ్వర్ రావు అనే ఆసామిని తీసుకొచ్చాడు. కొన్న నెలలోపే ఇల్లు కూలగొట్టి గోదాం లేపుతానని ఆ పెద్దమనిషి దాపరికం లేకుండానే చెప్పాడు. పాండురంగం ఇంతెత్తున లేస్తాడని అందరూ చెవులు మూసుకోవడానికి సిద్ధమయ్యారు. ఆయన "సరే" అని ఊరుకున్నాడు.

ఇక మందుల కౌంటరు దగ్గర ఏం జరిగిందంటే, ఆ రోజు రావలసిన అంబులెన్సు డ్రైవరు శేఖర్ అక్కడ స్రవంతికి ఎదురయ్యాడు. మాటల్లో అసలు సంగతి బయటపడింది. బండి గల్లీలో పట్టక ఆగిపోలేదు. అసలు గల్లీ దిక్కే రాలేదు. ఫోన్ చేసిన మనిషి "గడియారాల నయీం దుకాణం మూల కాడ" అని చెప్పాడు. శేఖర్ సెల్‌ఫోన్‌లో వెతికితే ఆ పేరుతో దుకాణం హన్మకొండలో చూపించింది. పోయి అక్కడ సైరన్ మోగిస్తూ నిలబడ్డాడు. నయీం దుకాణం హన్మకొండకు మారి ఆరేళ్లయింది. మట్టెవాడలో మిగిలిన ఆ మూల మాత్రం గల్లీవాళ్ల నోళ్లలో ఈనాటికీ నయీం మూలే. ఫోన్ చేసిన మనిషి వంశీ.

"ఆయన బతికుండుడే నాకు చాలు అక్కా. సెలవు దొరికిన్నాడు ఒక్కపారి వచ్చి చూసిపోత" అన్నాడు శేఖర్. ఆ కంగారులో స్రవంతి, గల్లీ కోడళ్లందరూ అనే మాటే అనేసింది. "చౌరస్తాల ఎవల్నడిగినా సరే తమ్మీ. గుండీల పాండురంగం అంటే ఇంటి మెట్టు మీద దించి పోతరు."

అది బుధవారం. ఇవాళ ఆదివారం. సాయంత్రం నాలుగింటికి రాజేశ్వర్ రావు అగ్రిమెంటు కాగితాలు పట్టుకొని వస్తాడు. స్రవంతి నాలుగు రోజులుగా ఆ మాటను ఎవరికీ చెప్పలేదు.

*

డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడు. కారులో పార్కుకు పోయి అక్కడ చుట్లు తిరగమని సలహా కూడా ఇచ్చాడు. "నడిచేటందుకు కారెక్కి పోవాల్నా డాక్టర్ సాబ్?" అని పాండురంగం ఆయన్నే ఎదురడిగాడు. అప్పటి నుంచి మామాకోడళ్లు పొద్దున్నే గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నారు. అత్తగారు పద్మ మొక్కు తీర్చుకోవడానికి నిన్ననే పాలకుర్తికి పోయింది కాబట్టి ఈ ఆదివారం ఇంటి పనంతా స్రవంతి మీదే ఉంది. అయినా నడక మానలేదు.

ఈ గల్లీ గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఒకప్పుడు ఇక్కడ జంపఖానాల నూలుకు రంగులేసేవారు. అద్దకం నీళ్లు పారీ పారీ బండలకు పట్టిన నీలం మరక వాన పడితే ఇప్పటికీ తేలుతుంది. పాండురంగం ఇంటి మెట్టు రాతి మీద సగం తామరపువ్వు చెక్కి ఉంటుంది. కాకతీయుల కాలం రాయి అంటారు. మిగతా సగం మా ఇంట్లో ఉందంటే మా ఇంట్లో ఉందని గల్లీలో మూడు కుటుంబాలు తరాలుగా కొట్లాడుకుంటున్నాయి. ఎవరూ తవ్వి చూపించరు, ఎవరూ ఒప్పుకోరు.

పాండురంగం ఈ గల్లీని అడుగుల్లో కొలుస్తాడు. ఇంటి మెట్టు నుంచి పాలకేంద్రం నలభై రెండు అడుగులు. శివాలయం నూట పది, మసీదు నూట ముప్పై. బడి, బ్యాంకు, కరెంటు ఆఫీసు, కూరగాయల మార్కెట్, అన్నీ ఆయన లెక్కలో వెయ్యి అడుగులకు ఇవతలే. స్టేషన్ కాస్త దూరం, రెండు వేల చిల్లర. ఊరి బయట ఫ్లాట్ చూడ్డానికి పోయిన రోజు కొత్తిమీర కట్ట దొరికే చోటుకు ఎన్ని అడుగులని ఆయన వాచ్‌మన్‌ను అడిగితే, వాచ్‌మన్ నవ్వి "యాప్‌ల పెట్టాలె సార్" అన్నాడు.

ఆ పొద్దున నడకలో వాళ్లు చౌరస్తా దాకా పోయేసరికి, టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒక కొత్త మనిషి, పూలమ్మే సమ్మమ్మను టైలర్ సాంబయ్య ఇల్లు ఎక్కడని అడుగుతోంది. సమ్మమ్మ చేతిలో మాల పక్కన పెట్టి లేచింది. గల్లీలోకి తిరిగి గొంతెత్తింది.

"సాంబన్న ఇంటికీ! ఆడమనిషొస్తాందీ!"

రెండు ఇళ్ల అవతల కిరాణం ముందు కూచున్న రాయమల్లు అందుకున్నాడు. "సాంబన్న ఇంటికే! డబ్బా తెస్తాంది!" తర్వాత కిటికీలోంచి ఇంకో గొంతు, దాని తర్వాత మరో అరుగు. ఆ మనిషి నడుస్తున్న కొద్దీ మాట ఆమెకంటే ముందు నడిచింది. ఆమె చేరేసరికి సాంబయ్య గడప బయట నిలబడి ఉన్నాడు.

దీన్ని వీళ్లు మాట అందియ్యడం అంటారు. దీనికో మర్యాద ఉంది. వేలు పెట్టి చూపించి ఊరుకోకూడదు. మాట అందుకున్నవాళ్లు బయటికి వచ్చి, వచ్చిన మనిషిని కళ్లతో చూసి, తర్వాతివాళ్లు అందుకున్నాకే లోపలికి పోవాలి. వచ్చేది ఎవరింటికైతే ఆ ఇంటివాళ్లు మెట్టు దిగి ఎదురు రావాలి. పొట్లాడుకొని మాటలు మానేసిన ఇళ్లు కూడా దీన్ని మాత్రం మానవు. స్రవంతి నెక్కొండ నుంచి కోడలిగా వచ్చిన మొదటి వారం మార్కెట్‌కు పోయి దారి తప్పితే, "పాండన్న కోడలూ!" అనే కేకలు ఆమెను చేయి పట్టుకున్నట్టుగా ఇంటికి తెచ్చి దించాయి. పదకొండేళ్లయింది. ఇప్పుడు ఆ కేకల్లో ఆమె గొంతూ ఉంది. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది.

తిరుగుదారిలో మూల మీద నయీముద్దీన్ కనిపించాడు. దుకాణం హన్మకొండకు మార్చాడే కానీ మనిషి మారలేదు. ఇల్లు ఈ గల్లీలోనే. కొడుకు షకీల్ ఏసీ దుకాణంలో కుర్చీ వేసి పెట్టి ఎంత బతిమాలినా, రోజూ పొద్దున ఈ మూలలో స్టూలు వేసుకొని కూచుంటాడు. ఆయన పాత దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఆ దుకాణం పిల్లలు కూడా తమ అడ్రసు అడిగితే గడియారాల నయీం మూల అనే చెబుతారు.

"పాండు భాయ్, నడక ఎంతైంది?"

"ఎనిమిది వందల అరవై."

"నిన్నటికన్న ఇరవై తక్కువున్నయ్. ఫికర్ జేస్తున్నవ్ నువ్వు" అన్నాడు నయీముద్దీన్. స్రవంతి వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాలుగింటికేనా బిడ్డా, గా సంతకాలు?"

"అవును చాచా."

ఆయన చేతికి గడియారం లేకపోయినా మణికట్టు చూసుకున్నాడు.

*

ఇంటి ముందు గదే దుకాణం. దారాలు, గుండీలు, లేసులు, లైనింగు గుడ్డలు. వరంగల్‌లో ఊడిపోయిన గుండీకి జోడీ దొరకాలంటే ఇక్కడికి రావలసిందే. ఆదివారం కాబట్టి షట్టర్ సగం దించి ఉంది. భోజనాలయ్యాక మామాకోడళ్లు గుండీల డబ్బాలను అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. వంశీ మేడ మీద కాగితాలు చూసుకుంటున్నాడు.

స్రవంతి ఒక పెట్టెకు సుతిలి కట్టి, ముడి వేయబోయి ఆగింది.

"మామయ్యా, ఒక మాట అడుగుత. దాయకుండ చెప్తరా?"

"అడుగు బిడ్డా."

"ఇల్లు అమ్ముటానికి ఎందుకు ఒప్పుకున్నరు?"

"నీకు పెద్ద కిచెన్ వస్తది గద. లిఫ్ట్ ఉన్నది. కారు ఇంటికిందనే పెట్టుకోవచ్చు" అన్నాడు పాండురంగం. బడిపిల్లాడు ఎక్కాలు అప్పజెప్పినట్టు ఉంది ఆ గొంతు.

"నన్ను ఎందుకు మధ్యల వెడ్తరు? నాకు ఈ కిచెన్‌ల ఏమన్న తక్కువైందని అన్ననా ఎన్నడన్న?" స్రవంతి గొంతు పెరిగింది. మేడ మెట్ల వైపు చూసి తగ్గించుకుంది. "బుధవారం నాడు నాకు గా అంబులెన్స్ డ్రైవర్ కలిసిండు."

నాలుగు రంధ్రాల తెల్లగుండీలు ఏరుతున్న ఆయన వేళ్లు ఆగిపోయాయి. "ఏమన్నడు?"

చెప్పింది. హన్మకొండ సంగతి, సైరన్ సంగతి, శేఖర్ పదిసార్లు ఫోన్ చేస్తే వంశీ ఇంకెవరెవరికో చేస్తూ ఉండటంతో కలవని సంగతి, చివరికి ఎవరో ఫోన్ ఎత్తి "ఇగ వద్దు, తీస్కపోయినం" అని పెట్టేసిన సంగతి. చెబుతున్నంతసేపూ ఆమె ఆయన ముఖమే చూసింది. ఆయన ఉలిక్కిపడతాడనుకుంది. ఆయన ఉలిక్కిపడలేదు. ఒక్కటే అడిగాడు.

"వంశీకి చెప్పినవా?"

"ఇంకా లేదు."

"చెప్పకు."

"మీకు తెలుసా మామయ్యా?"

"ఎరుకే. ఆ దినమే ఎరుక." పాండురంగం డబ్బా మూత పెట్టాడు. "కింద పడ్డంక నా తెలివి పోలే బిడ్డా. నోరు రాకపాయె, గంతే. చెంపకు గచ్చు సల్లగ తగులుతాంది. వాడు నా నెత్తికాడ నిలబడి ఫోన్‌ల చెప్తాండు. ఆగమాగం అయితాండు. ఇంటి నంబర్ చెప్పలే. గల్లీ పేరు చెప్పలే. 'గడియారాల నయీం దుకాణం మూల కాడ, జల్ది రాండ్రి' అన్నడు. ఆడ దుకాణం లేదురా అని చెప్దామంటే నాకు పెదవి కదలలే."

"అయితే ఇన్ని దినాలు..."

"గప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? పిచ్చోడనుకుంటవ్." ఆయన ముఖంలోకి నవ్వు లాంటిదేదో వచ్చింది. "పదేండ్ల సంది వాడు ఈ గల్లీని తిడ్తనే ఉన్నడు. ఇరుకంటడు, వాసనంటడు, దోస్తులను పిలిస్తే ఇజ్జత్ పోతదంటడు. నిజంగ పాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం వాని నోట్లెకెళ్లి గా మూలనే వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎరుకనా? నేను నేర్పిన అడ్రస్ అది. వానికి నాలుగేండ్లున్నప్పుడు, జాతరల తప్పిపోతే ఏం చెప్పాలెరా అంటే, 'వరంగల్, గడియారాల నయీం దుకాణం మూల' అని చెప్పాలె అని రోజు సద్ది తినేటప్పుడు పలికిచ్చేది. ముప్పై ఏండ్లైంది. వాడు మర్చిపోలే. వీడు నా గల్లీ పోరడేరా అనుకున్న. గచ్చు మీద పడుకోని, పాణం పోతుంటె గర్వపడ్డ బిడ్డా నేను."

స్రవంతి చేతిలో సుతిలి అట్లాగే ఉండిపోయింది. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే కోపం కూడా వచ్చింది. ఇంత ప్రేమ పెట్టుకొని ఇల్లు ఎందుకు వదులుకుంటున్నాడీయన?

ఆమె అడగకముందే ఆయన చెప్పాడు.

"నేను అమ్మనంటె వాడు ఊకుంటడా? వాదం పెట్టుకుంటడు. అంబులెన్స్ ఎందుకు రాలేదో తేల్చాలె అంటడు. దవాఖానల ఉన్నప్పుడే ఒకపారి అన్నడు, కంప్లయింట్ వెట్టి ఫోన్ రికార్డు తీపిస్తనని. అది తీపిస్తె ఏమినపడ్తది? వాని గొంతే ఇనపడ్తది. గల్లీ ఇరుకు గాబట్టి బండి రాలేదని వాడు నమ్మిండు. నమ్మనియ్యి. నేను సరే అన్న, వాడు గా సంగతి ఇడిచిపెట్టిండు."

"గల్లీ మీద మాట పడుతాంది గద మామయ్యా!" స్రవంతి ఇక గొంతు దాచుకోలేదు. "కాలేజీల అందరికి చెప్పుకుంటాండు, మా గల్లీల మనిషికి పాణం మీదికొస్తె దిక్కులేదని. దిక్కు లేకపోతె మీరెట్ల బతికిన్రు? రాయమల్లన్న బండి మీద వంకాయలు కింద కుమ్మరిచ్చిండు. సమ్మమ్మ చెప్పులు లేకుండ ముంగట ఉరికింది. 'పాండన్న వస్తాండు, పక్కకు జరుగుండ్రి' అని మాట అందిచ్చిన్రు. ఆదివారం అంగడి, కాలు వెట్ట సందు లేదు. ఒక్క హారన్ లేకుండ బజారు బజారంత రెండు పక్కలకు జరిగింది. నేను మీ తలకాయ పట్టుకోని బండెంబడి నడిచిన. నా కండ్లతోని చూసిన. గసొంటి గల్లీకి చెడ్డపేరు తెచ్చి పోదామా మనం?"

పాండురంగం తల దించుకొని విన్నాడు.

"నా సంగతి సుత చెప్త" అంది స్రవంతి. "నెక్కొండల నాకు ఎవల తోడు లేకుండ బజారుకు పోయే ధైర్యం లేకుండె. ఈడికొచ్చినంక ఈ దుకాణం నడుపుతున్న. మ్యాచింగ్ కోసం హన్మకొండ బొటిక్‌లోళ్లు నన్ను వెతుక్కుంట వస్తరు. గా తొమ్మిదో అంతస్తుల నేను ఎవల్కి అమ్మాలె గుండీలు? లిఫ్ట్‌ల నిలబడి అమ్మాల్నా?"

"నువ్వన్నదాంట్ల ఒక్క మాట అబద్ధం లేదు బిడ్డా." పాండురంగం నెమ్మదిగా అన్నాడు. "ఇల్లు పోతె నేను ఏడుస్త. తిండి మానేసి ఏడుస్త. కొన్నాళ్లకు అలవాటైతది. గని బాపు పాణం పోయేది నా నోటి మాటతోని అని వానికి తెలిస్తె, వాడు బతికినన్ని దినాలు తెల్లారి లేవంగనే గదే యాదికొస్తది. వాడు నీ ముంగట కోపం చూపెడ్తడు గని లోపల గాజు లెక్కుంటడు. పదో తరగతిల మార్కులు తక్కువొస్తె మూడు దినాలు అన్నం తినలే. నాకు ఇల్లొద్దు. వాడు నిమ్మళంగ ఉండాలె."

స్రవంతికి ఎదురు చెప్పాలని ఉంది. కానీ వంశీతో పదకొండేళ్లు కాపురం చేసిన మనిషి ఆమె. ఆ రెండు నెలల్లో అతను నిద్రలో ఉలిక్కిపడి లేచి తండ్రి గదిలోకి పోయి ఆయన ఊపిరి చూసి వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. మామగారికి తెలియదు.

"ఒట్టు వెయ్యి" అన్నాడు పాండురంగం చెయ్యి చాపి. "నీ నోటెంట రావొద్దు."

గోడ మీద నయీముద్దీన్ ఇచ్చిన పాత గడియారం మూడున్నర కొట్టింది. ఆమె ఆ చేతిలో చెయ్యి వేసింది. మనసు ఒప్పుకోలేదు, అయినా వేసింది.

"నా నోటెంట రాదు మామయ్యా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాకే ఆమెకు అసలు సంగతి గుర్తొచ్చింది. ఆమె నోటి వెంట రాకపోతే సరిపోతుందా? సెలవు దొరికిన్నాడు వస్తానన్నాడు శేఖర్. ఇవాళ ఆదివారం. పైగా దారి చెప్పింది తనే. అతని ఫోన్ నంబరు కూడా తన దగ్గర లేదు. చౌరస్తా దాకా పోయి నిలబడితే, అతను కనపడితే అటే వెనక్కి పంపేయవచ్చు. స్రవంతి చెప్పుల్లో కాళ్లు పెట్టి షట్టర్ కింద నుంచి వంగి బయటికి వచ్చింది.

వంశీ అప్పటికే మేడ దిగి సగం తామరపువ్వు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు.

"ఏడికి? నాలుగు కావస్తాంది. సార్ వస్తే చాయ్ ఎవలు వెడ్తరు?"

"పాలు... పాలు తెస్త."

"ఫ్రిజ్‌ల రెండు ప్యాకెట్లున్నయ్."

సరిగ్గా అప్పుడే చౌరస్తా వైపు నుంచి సమ్మమ్మ గొంతు లేచింది.

"గుండీల పాండన్న ఇంటికీ! మనిషొచ్చిండూ!"

"సార్ వచ్చినట్టున్నడు" అంటూ వంశీ చొక్కా సర్దుకున్నాడు.

రాయమల్లు అందుకున్నాడు. "పాండన్న ఇంటికే! నడిసొస్తాండు! చేతుల అరటిపండ్లున్నయ్!"

వంశీ కనుబొమ్మలు ముడిపడ్డాయి. రాజేశ్వర్ రావు నడిచి వచ్చే మనిషి కాదు. పండ్లు తెచ్చే మనిషి అసలే కాదు. స్రవంతి ఒక అడుగు ముందుకు వేసింది. ఎదురు ఉరికి ఆ మాటను ఎక్కడో ఒకచోట తెంపేయాలనిపించింది. కానీ అందుతున్న మాటను మధ్యలో ఆపిన మనిషి ఈ గల్లీలో ఇంతవరకు పుట్టలేదు. ఎట్లా ఆపాలో ఆమెకు తెలియదు. టైలర్ సాంబయ్య మెడలో టేపుతో బయటికి వచ్చి, వచ్చిన మనిషితో రెండు ముక్కలు మాట్లాడి, మహా సంతోషంగా గొంతెత్తాడు.

"పాండన్నను సూడొచ్చిండు! అంబులెన్స్ నడిపే పిలగాడట!"

ఆ మాటతో అరుగుల మీద జనం లేచారు. పండుగకు చుట్టం వచ్చినంత హడావుడి. కిటికీలు తెరుచుకున్నాయి. ఇళ్లలోంచి ఇళ్లలోకి ఆ మాట పోయింది. పాపం, వాళ్ల ఆనందం వాళ్లది. రెండు నెలలుగా గల్లీ మీద పడ్డ మాటకు సమాధానం తనంత తానే నడిచి వస్తోందని వాళ్లు మురిసిపోయారు. మూల మీద నయీముద్దీన్ స్టూలు మీద నుంచి లేచి, ఆ రోజు దారి తప్పానని చెప్పుకున్న కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, డెబ్బై ఏళ్ల గొంతుతో గట్టిగా అన్నాడు.

"ఇగో, ఈడనే! గీసారి తప్పిపోలే సూడు!"

షట్టర్ వెనక నుంచి పాండురంగం పిలిచాడు. "వంశీ! వంశీ, లోపలికి రా ఒకపారి!"

వంశీ వినలేదు. ముఖం ఎర్రబడింది. రెండు నెలలు దాచిపెట్టుకున్న మాటలు పెదవుల మీదికి వచ్చాయి. అయినా, విచిత్రం చూడండి, అంత కోపంలోనూ అతను చేసిన మొదటి పని మెట్టు దిగడం. ఇంటికి వచ్చే మనిషికి మెట్టు దిగి ఎదురుపోవాలని అతనికి ఎవరూ ఆ క్షణంలో చెప్పలేదు. కాళ్లే దిగాయి. స్రవంతి అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకొని నాలుగు అడుగులు ముందుకు నడిచాడు.

శేఖర్ అరటిపండ్ల సంచి పట్టుకొని, ఇంతమంది తనను చేతుల మీద తెచ్చినట్టు తీసుకొచ్చినందుకు సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు.

"ఏం తమ్మీ" అన్నాడు వంశీ. "రెండు నెలలకు దొరికిందా మా గల్లీ నీకు? గా దినం గడియారాల నయీం మూల దాక రానీకి నీకేమడ్డమొచ్చింది?"

శేఖర్ నవ్వు ఆగిపోయింది. అతను వంశీ ముఖం వైపు కాదు, ఆ గొంతు వైపు చూస్తున్నట్టు తల కొంచెం పక్కకు వంచి విన్నాడు.

"అన్నా" అన్నాడు మెల్లగా. "గా దినం ఫోన్‌ల మాట్లాడింది మీరేనా?"